నర్తకుల పాదాల బొబ్బలు

నృత్యసాధనలో, ప్రదర్శనలో పాదాలు పదేపదే రాపిడికి లోనైనప్పుడు చర్మపు పొరలు విడిపోయి, మధ్యలో రసి చేరి ఉబ్బే పొక్కులే నర్తకుల పాదాల బొబ్బలు. వైద్యులు వీటిని రాపిడి బొబ్బల కింద లెక్కగడతారు. కవాతు చేసే సైనికులకు, దూరపు పరుగుల వాళ్ళకు, కాలినడకన కొండలెక్కే యాత్రికులకు వచ్చేవీ ఈ కోవలోవే. అయితే సైనికుడు రాపిడిని ఎంత తగ్గించుకుంటే అంత మేలు. నర్తకులకు ఆ వీలు లేదు. నేలమీద కాలికి పట్టు దొరికేది రాపిడి వల్లనే, తిరుగుడు ఆపి నిలదొక్కుకునేది ఆ పట్టుతోనే. కాబట్టి పట్టు ఎక్కడ ఉండాలి, జారుడు ఎక్కడ ఉండాలి అన్నది చూసుకోవడమే నృత్యంలో బొబ్బల నివారణకు మూలసూత్రం.

చాలా బొబ్బలు వారం తిరిగేలోగా వాటంతటవే మానతాయి. చితికి సూక్ష్మజీవులు చేరినప్పుడు, మధుమేహం వంటి జబ్బు ఉన్నప్పుడు మాత్రం చిన్న పొక్కు కూడా ప్రమాదం తేవచ్చు.

ఏర్పడే తీరు

అరికాలి చర్మం ఒంట్లో మిగతా చోట్లకంటే మందం. దాని పైపొర గట్టిది, కిందనున్న కణజాలాన్ని బిగువుగా అంటిపెట్టుకుని ఉంటుంది. చర్మం పలచగా ఉన్నచోట రాపిడి తగిలితే తోలు గీరుకుపోతుంది. అరికాల్లో, అరచేతిలో పైపొర అంత తేలిగ్గా అరగదు కాబట్టి దెబ్బ లోపలి పొరలకు చేరుతుంది.

నర్తకి మునికాలి మీద గిర్రున తిరిగినప్పుడు చర్మం నేలను పట్టుకుని ఆగుతుంది, లోపలి ఎముక ముందుకు కదులుతుంది. ఆ రెంటి మధ్య చిక్కుకున్న మెత్తని పొరలు పక్కకు సాగుతాయి. ఇలా సాగడం, మళ్ళీ యథాస్థితికి రావడం వందలసార్లు జరిగితే బాహ్యచర్మం నడుమనున్న ముళ్ళకణాల పొర చిరుగుతుంది. ఆ ఖాళీలోకి చుట్టుపక్కల కణజాలం నుంచి ద్రవం ఊరుతుంది. అదే రసి. అందులో లవణాలు రక్తద్రవంలో ఉన్నట్టే ఉంటాయి, మాంసకృత్తులు తక్కువ. చిరుగు ఇంకా లోతుకు వెళ్ళి సన్నని రక్తనాళాలు తెగితే నెత్తురు బొబ్బ అవుతుంది.

తేమకూ రాపిడికీ ఉన్న సంబంధాన్ని 1955లో నేలర్ అనే పరిశోధకుడు వివరించాడు. బాగా పొడిగా ఉన్న చర్మం మీదా, బాగా తడిసిన చర్మం మీదా రాపిడి తక్కువ. చెమటతో చెమ్మగిల్లిన చర్మం మీద ఎక్కువ. సాధన మొదలైన కొంతసేపటికి, పాదాలు చెమర్చినప్పుడే బొబ్బలు లేవడానికి కారణం ఇదే. 1960ల్లో అమెరికా చర్మవైద్యుడు మేరియన్ సల్జ్‌బర్గర్ బృందం స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి చర్మాన్ని యంత్రంతో రుద్ది బొబ్బలు తెప్పించి, అవి ఏ పొరలో ఎలా పుడుతున్నాయో పరిశీలించింది.

మానడం కూడా త్వరగానే మొదలవుతుంది. ఒక రోజు గడిచేసరికి అడుగు పొరలోని కణాలు జోరుగా విభజన చెందుతుంటాయి. రెండు రోజులకు కొత్త రేణుకణాల పొర, అయిదు రోజులకు కొత్త పైపొర కనిపిస్తాయి. ఈ అయిదు రోజులూ బొబ్బ పైతోలు లోపలి పచ్చిచర్మానికి కప్పుగా ఉంటుంది. దాన్ని పీకేయకూడదనడానికి ఆధారం ఇదే.

నృత్యరీతులు, బొబ్బలు లేచే చోట్లు

నిలువునా పడే ఒత్తిడికీ పక్కకు లాగే ఒత్తిడికీ ఫలితాలు వేరు. నేలను గట్టిగా తట్టే అడుగు ఎక్కువగా అరికాలిని కమిలిస్తుంది, కాలక్రమంలో కాయ కాయిస్తుంది. జారే అడుగు, తిరిగే అడుగు బొబ్బ లేపుతాయి. ఏ నృత్యరీతిలో ఏ అడుగు ఎక్కువో చూస్తే బొబ్బ ఎక్కడ వస్తుందో చాలావరకు చెప్పవచ్చు.

కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ, కథక్ వంటి శాస్త్రీయ నృత్యాలన్నీ వట్టి కాళ్ళతో చేసేవే. కూచిపూడిలో మడమ ఎత్తి మునికాలి మీద ఊగే కదలికలు, గిర్రున తిరిగే భ్రమరులు ఎక్కువ కాబట్టి బొటనవేలి మొదట ఉబ్బెత్తుగా ఉండే చోట, దాని పక్క వేళ్ళ మొదళ్ళ దగ్గర బొబ్బలు లేస్తాయి. కథక్‌లో చక్కర్లకు మడమ ఇరుసు కనుక మడమ అంచు పొక్కుతుంది. భరతనాట్యంలో పాదాన్ని చదునుగా తట్టే అడుగులు (అడవులు) ఎక్కువ. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెలల్లో అరికాలు మంట పుట్టి, వేళ్ళ మొదళ్ళు ఎర్రబడడం మామూలే.

కూచిపూడి తరంగంలో మరో ప్రత్యేకత ఇత్తడి పళ్లెం. నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణిలోని పాటలకు నర్తకి పళ్లెం అంచుమీద పాదాలు ఆనించి, పాదాల పట్టుతోనే పళ్లేన్ని తాళానికి తగ్గట్టు ముందుకూ పక్కలకూ జరుపుతుంది. ఒంటి బరువంతా సన్నని లోహపు అంచుమీద పడుతుంది, ఆ అంచే కాలికింద కదులుతుంది. నిలువు ఒత్తిడి, పక్కలాగుడు ఒకేచోట కలిసేది ఇక్కడే. అంచు ఆనే మేర చర్మం గీతలా ఎర్రబడి పొక్కుతుంది. ఆ గీత మీద కాయ కట్టేదాకా సాధనను కొద్దికొద్దిగా పెంచుకోవడమే మార్గం. పళ్లెం అంచున చొట్ట, గరుకు లేకుండా చూసుకోవడం కూడా ముఖ్యం.

గజ్జెల వల్ల చీలమండ దగ్గర బొబ్బలు వస్తాయి. తోలుపట్టీ మీద కుట్టిన గజ్జెలు వదులుగా ఉంటే ప్రతి తట్టుకూ ఎగిరి పడి ఎముక మీది పలచని చర్మాన్ని రాస్తాయి. దారానికి గుచ్చిన గజ్జెలైతే దారం ఒరుస్తుంది. మెత్తని నూలుబట్టను ముడతలు లేకుండా కాలికి చుట్టి, దానిమీద గజ్జె బిగువుగా కడితే జారుడు బట్టకూ పట్టీకీ మధ్యనే ఉండిపోయి చర్మం దాకా రాదు.

పాశ్చాత్య బ్యాలేలో సమస్యంతా బూటులో ఉంటుంది. 1832లో పారిస్ ఒపేరాలో ‘లా సిల్ఫీడ్’ ప్రదర్శనలో మరీ టాల్యోనీ మునివేళ్ళ కొసలపై నర్తించి ఆ పద్ధతికి పేరు తెచ్చింది. ఆమె తొడిగినవి మెత్తని శాటిన్ జోళ్ళు. కొసన, పక్కల దారంతో కుట్లు వేయడం తప్ప వాటిలో వేరే ఆధారం లేదు. 19వ శతాబ్దం చివరికి ఇటాలియన్ నర్తకీమణులు ముందుభాగం గట్టిగా ఉండే జోళ్ళు వాడసాగారు. ఇప్పటి పాయింట్ షూలో వేళ్ళ చుట్టూ గుడ్డ, కాగితం, జిగురు పొరలతో చేసిన గట్టి డొప్ప, అరికాలి కింద బిరుసైన అట్ట లేదా తోలు ఉంటాయి. డొప్ప వెడల్పు ఎక్కువైతే పాదం లోపలికి దిగి బొటనవేలి కొస నలుగుతుంది. ఇరుకైతే చిటికెనవేలి పక్క, వేళ్ళ కణుపులు ఒరుసుకుపోతాయి. మడమ వెనక బిగింపు తాడు ఎక్కువ లాగితే అక్కడా పొక్కుతుంది. 1993లో మొదలైన గేనర్ మిండెన్ సంస్థ అట్ట, తోలు బదులు రబ్బరులా వంగే కృత్రిమ పదార్థంతో జోళ్ళు చేస్తోంది.

సమకాలీన నృత్యంలో వట్టి కాళ్ళతో వినైల్ నేలమీద జారడం, దొర్లడం ఎక్కువ కాబట్టి బొబ్బలతో పాటు చర్మం చీలడం కూడా కనిపిస్తుంది. బాల్‌రూమ్ నర్తకులకు ఎత్తుమడమల జోళ్ళ పట్టీలు, ఐరిష్ నర్తకులకు గట్టి బూట్ల మడమలు ఒరుస్తాయి.

కృత్రిమ కాలితో నర్తించేవారికి బొబ్బలు వచ్చేది మిగిలిన కాలు కృత్రిమ కాలి గిన్నెలో కూర్చునేచోట. శరీర బరువు మోయడానికి ఆ చర్మం పుట్టుకతో సిద్ధమైంది కాదు. పైగా గిన్నెలో చెమట ఆరదు. 1981లో ప్రమాదం వల్ల కుడికాలు కోల్పోయిన భరతనాట్య కళాకారిణి సుధా చంద్రన్ జైపూర్ కాలితో మళ్ళీ వేదిక ఎక్కింది. ఆమె జీవితమే 1985లో తెలుగు సినిమా ‘మయూరి’ అయింది. ఇలాంటివారికి మెత్తని లోపలి తొడుగు, చెమట పీల్చే మేజోడు, గిన్నె కొలతలను ఎప్పటికప్పుడు సరిచూసుకోవడం తప్పనిసరి.

బొబ్బలను పెంచే పరిస్థితులు

నేల: నున్నని గ్రానైట్ మీద కాలు జారుతుంది కాబట్టి చర్మం మీద లాగుడు తక్కువ, పడిపోయే ప్రమాదం ఎక్కువ. గరుకు సిమెంటు నేల తోలును గీరుతుంది. తివాచీ కాలిని పట్టేస్తుంది. అమెరికాలో తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తివాచీ మీద భ్రమరులు సాధన చేస్తే, గురువుగారి చెక్కనేల మీద రాని బొబ్బలు అక్కడ వస్తాయి. ఆరుబయట వేదికలు, రాతి మండపాలు మధ్యాహ్నపు ఎండకు కాలిపోతాయి. అక్కడ లేచేది రాపిడి బొబ్బ కాదు, కాలిన బొబ్బ. రెండూ కలిసి వచ్చినప్పుడు చర్మం మరీ తేలిగ్గా ఊడిపోతుంది.

సాధన మోతాదు: చర్మానికి రాపిడి అలవాటవుతుంది, మెల్లగా మందమవుతుంది. సెలవుల్లో ఆ మందం తగ్గిపోతుంది. పరీక్షల తర్వాత ఒక్కసారిగా రోజుకు నాలుగు గంటల సాధనకు దిగినప్పుడు, రంగప్రవేశానికి ముందు వారాల్లో రిహార్సల్స్ పెరిగినప్పుడు బొబ్బలు విరివిగా వస్తాయి.

కాయలు: పలచని కాయ కవచం లాంటిది. బాగా ముదిరిన కాయ కథ వేరు. అది వంగదు, సాగదు. లాగుడంతా దాని అంచుకో అడుగుకో చేరి, కాయ కింద లోతైన బొబ్బ లేస్తుంది. పైకి నీరు కనబడదు కానీ కాలు మోపితే నొప్పి ప్రాణం తీస్తుంది.

వీటికితోడు చెమట ఎక్కువ పట్టే తత్వం, బొటనవేలి కీలు పక్కకు పొడుచుకు రావడం, గోళ్ళు పెరగడం, కొత్త జోళ్ళు కరవడం కూడా కారణాలే.

నివారణ

మొదటి హెచ్చరిక మంట. బొబ్బ లేవడానికి ముందు ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, చురుక్కుమంటుంది. అప్పుడే ఆగి పాదం తుడుచుకుని టేపు వేసుకుంటే బొబ్బ రాకపోవచ్చు. పాట అయ్యేదాకా ఓర్చుకుందాం అనుకుంటే వారం సాధన పోవచ్చు. గురువులు చిన్నపిల్లలకు ముందే చెప్పి ఉంచాల్సిన సంగతి ఇది. తరగతిలో ఆగితే మాట పడాల్సివస్తుందని పిల్లలు నోరు మెదపరు.

టేపు: మందుల దుకాణాల్లో దొరికే కాగితపు సర్జికల్ టేపు చవకైన సాధనం. 250 కిలోమీటర్ల అంచెల పరుగులో పాల్గొన్నవారిపై స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ టేపు వేసినచోట బొబ్బలు 40 శాతం తక్కువగా వచ్చాయి. అయితే ఆ పరుగు బూట్లలో సాగింది. చెమర్చిన వట్టి అరికాలి మీద కాగితపు టేపు త్వరగా ఊడుతుంది. అక్కడ సాగే గుడ్డటేపు నయం. పాదం కడిగి, పూర్తిగా ఆరాక, ముడత పడకుండా వేయాలి. కొసలను కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, అరికాలి కింద కాకుండా పాదం పైభాగాన ముగిసేలా చూడాలి. అడుగున ముగిసిన కొస మొదటి భ్రమరికే లేచి, చుట్టుకుని, అదే కొత్త బొబ్బకు కారణమవుతుంది. వేలి చుట్టూ వేసేటప్పుడు గోరు రంగు మారేంత బిగించకూడదు. టింక్చర్ బెంజాయిన్ పూసి వేస్తే టేపు గట్టిగా పట్టుకుంటుంది కానీ, చిట్లిన చర్మానికి అది తగిలితే భగ్గున మండుతుంది. టేపు వేసిన కాలికి నేల కొత్తగా తగులుతుంది. అందుకే ప్రదర్శన రోజున మొదటిసారి వేయకుండా ముందు రిహార్సల్లో వేసి చూసుకోవాలి.

చెమట: అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక విద్యార్థులపై జరిపి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, చెమటను తగ్గించే 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణాన్ని కవాతుకు ముందు కనీసం మూడు రాత్రులు పూసుకున్నవారిలో 21 శాతం మందికి బొబ్బలు వచ్చాయి. మందు లేని ఉత్త ద్రావణం పూసుకున్నవారిలో అది 48 శాతం. కానీ మందు వాడినవారిలో 57 శాతం మందికి చర్మం మండింది, కందింది. కాబట్టి దీన్ని వైద్యుని సలహాతో వాడడం మంచిది. పౌడరు కాసేపు చెమట పీలుస్తుంది, తడిసి ఉండకట్టాక అదే ఒరుస్తుంది. జోళ్ళలో నర్తించేవారు తడిసిన మేజోళ్ళను మధ్యలో మార్చుకోవాలి. 1990లో పరుగువీరులపై జరిగిన పోలికలో నూలు మేజోళ్ళకంటే అక్రిలిక్ మేజోళ్ళతో బొబ్బలు తక్కువగా, చిన్నవిగా వచ్చాయి.

నూనెలు, జెల్లీ: పెట్రోలియం జెల్లీ మొదట రాపిడిని తగ్గిస్తుంది, కొంతసేపయ్యాక అదే రాపిడిని పెంచుతుంది. బూటు లోపల కాసేపటికి పనికొస్తుందేమో గాని, వట్టికాళ్ళ నర్తకులు అరికాలికి ఏ జిడ్డూ రాయకూడదు. జారిపడితే ఎముకే విరుగుతుంది. బ్యాలే నర్తకులు జారకుండా రాసుకునే రోజిన్ పొడి దీనికి పూర్తి విరుద్ధం. పట్టు పెంచుతుంది, దాంతోపాటే చర్మం మీద లాగుడునూ పెంచుతుంది.

జోళ్ళు: పాయింట్ షూను సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలత చూసుకోవాలి. వేళ్ళ మధ్య గొర్రె ఉన్ని, జెల్ తొడుగులు ఉంచుకోవచ్చు కానీ ఇరుకు జోడును మెత్తలు బాగుచేయలేవు. మెత్తలు ఎక్కువైతే ఇరుకు మరింత పెరుగుతుంది.

రోజువారీ సంరక్షణ: స్నానం తర్వాత మెత్తబడిన కాయను పాదాల రాయితో కొద్దిగా అరగదీయాలి. బ్లేడుతో కోయకూడదు. రాత్రిపూట యూరియా ఉన్న క్రీము రాస్తే చర్మం సాగే గుణం పోదు, పగుళ్ళు తగ్గుతాయి. సాధనకు ముందు మాత్రం క్రీము వద్దు. గోళ్ళు అడ్డంగా, పొట్టిగా కత్తిరించుకోవాలి. పాదాలను స్పిరిట్‌లో నానబెట్టి గట్టిపరచుకునే అలవాటు బ్యాలేలో పాతదే. దానివల్ల చర్మం ఎండి పగుళ్ళిచ్చే అవకాశమే ఎక్కువ.

బొబ్బ లేచాక

చిన్నది, నొప్పి లేనిది అయితే ముట్టుకోకుండా వదిలేయాలి. మధ్యలో రంధ్రం చేసిన మందపాటి ఫెల్ట్ మెత్తను బొబ్బ చుట్టూ అతికిస్తే ఒత్తిడి దానిమీద పడదు. పెద్దదై, కాలు మోపే చోట బిగదన్నుతూ ఉంటే అదెలాగూ చితుకుతుంది. అడ్డదిడ్డంగా చితికేకంటే శుభ్రంగా రసి తీసేయడం నయం.

ముందు చేతులు, పాదం సబ్బుతో కడుక్కోవాలి. మందుల దుకాణంలో దొరికే కొత్త ఇంజెక్షన్ సూదిని అప్పటికప్పుడు విప్పి, బొబ్బ అంచున చర్మానికి సమాంతరంగా రెండు మూడు చోట్ల గుచ్చాలి. నడినెత్తిన గుచ్చకూడదు. శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా అదిమితే రసి బయటికి వస్తుంది. పైతోలును అలాగే ఉంచి, కిందికి అంటుకునేలా సర్ది, అంటుకోని పట్టీ వేయాలి. కొన్ని గంటల్లో రసి మళ్ళీ ఊరుతుంది. 1968లో కార్టీజ్, సల్జ్‌బర్గర్ తదితరులు చేసిన ప్రయోగాల్లో మొదటి 24 గంటల్లో మూడుసార్లు రసి తీసిన బొబ్బలకే పైతోలు బాగా అతుక్కుంది. బొబ్బలోంచి దారం గుచ్చి వదిలేసే పద్ధతి మంచిది కాదు. ఆ దారం వెంబడి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి.

పైతోలు అప్పటికే చిరిగిపోతే వేలాడే ముక్కను మాత్రం శుభ్రమైన కత్తెరతో తీసి, నీటితో కడిగి, పెట్రోలియం జెల్లీ పలచగా రాసి పట్టీ వేయాలి. రోజూ మార్చాలి. రసిని పీల్చి జిగురులా మారే హైడ్రోకొల్లాయిడ్ పట్టీ వేస్తే నొప్పి తగ్గుతుంది. అది తనంత తాను ఊడేదాకా కొన్ని రోజులు ఉంచవచ్చు. చీము పట్టిన పుండుమీద మాత్రం వేయకూడదు. పసుపు, టూత్‌పేస్ట్, బూడిద వంటివి పచ్చిపుండు మీద పెట్టడం వల్ల మురికి చేరడమే గాని మేలు లేదు. పుండు మూసుకునేదాకా దానిమీద పారాణి పెట్టుకోకూడదు. నెత్తురు బొబ్బను వీలైనంతవరకు కదిలించకపోవడమే మంచిది.

మధుమేహం ఉన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గినవారు, కాళ్ళకు రక్తప్రసరణ సరిగా లేనివారు ఇంట్లో రసి తీయకూడదు. ఏళ్ళ తరబడి నేర్పుతున్న గురువుల్లో ఈ సమస్యలున్నవారు తక్కువేమీ కాదు. నొప్పి తెలియని బొబ్బే వారికి ఎక్కువ ప్రమాదం.

సాధన మానేయాలా అన్న ప్రశ్నకు మధ్యేమార్గం ఉంది. అభినయం, హస్తముద్రలు, తాళం, నట్టువాంగం కూర్చుని చేయవచ్చు. బొబ్బ నొప్పికి కుంటుతూ అడుగు వేస్తే బరువు మరోవైపు పడి మోకాలికీ చీలమండకూ దెబ్బ తగులుతుంది. మామూలుగా నడిచినప్పుడు నొప్పి లేదు, పట్టీ వేసిన పాదంతో భ్రమరి తిరిగినా చురుక్కుమనదు అనుకున్నప్పుడు పూర్తి సాధనకు దిగవచ్చు.

ఇన్ఫెక్షన్

చితికిన బొబ్బకు స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ జాతుల బ్యాక్టీరియా సోకవచ్చు. రసి పోయి చీము కనిపించడం, చుట్టూ ఎరుపు, వాపు పెరగడం, నొప్పి తగ్గాల్సిన సమయంలో ఎక్కువవడం, కాలిమీద ఎర్రని చారలు పైకి పాకడం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, జ్వరం దీని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ధనుర్వాతపు టీకా గడువు దాటిందేమో కూడా చూసుకోవాలి.

బొబ్బ ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పే ఉదంతం 1924 నాటిది. అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ చిన్నకొడుకు మేజోళ్ళు లేకుండా టెన్నిస్ ఆడితే కాలివేలికి బొబ్బ లేచింది. అది రక్తం విషపూరితమయ్యేదాకా వెళ్ళి, వారం రోజుల్లో, జూలై 7న, ఆ పదహారేళ్ళ కుర్రవాడు చనిపోయాడు. అప్పటికింకా పెన్సిలిన్ కనుగొనలేదు. ఇప్పుడు యాంటీబయాటిక్స్‌తో ఇలాంటివి నయమవుతాయి, వేళకు వెళ్తేనే.

బొబ్బలా కనిపించే ఇతర సమస్యలు

పాదంమీద నీటిపొక్కులన్నీ రాపిడివే కావు. వేళ్ళ సందుల్లో దురదతో పాటు వచ్చేవి శిలీంధ్ర వ్యాధి కావచ్చు. అరికాలి అంచుల్లో సగ్గుబియ్యం గింజల్లా గుంపుగా లేచి విపరీతంగా దురద పెట్టేవి ఒక రకం తామర (ఎగ్జిమా). టేపు లేదా పట్టీ వేసిన మేరకే, అదే ఆకారంలో పొక్కితే జిగురుకో రబ్బరుకో తోలు శుద్ధికి వాడే రసాయనాలకో పడకపోవడం. చిన్నప్పటి నుంచి కాస్త నడిచినా బొబ్బలెక్కే పిల్లలకు ఎపిడెర్మోలైసిస్ బులోజా అనే జన్యువ్యాధి ఉందేమో పరీక్షించాలి. అందులో ఎక్కువగా కనిపించే రకంలో చర్మకణాలను బిగువుగా ఉంచే కెరటిన్‌లోనే లోపం ఉంటుంది. అలాంటి పిల్లలకు సాధనతో చర్మం గట్టిపడుతుందని చెప్పి నేలమీద తట్టించడం హాని చేస్తుంది.

రాపిడి లేని చోట పొక్కులు లేచినా, రెండు కాళ్ళకూ ఒకే తీరున వచ్చినా, రెండు వారాలైనా మానకపోయినా, మానిన చోటే మళ్ళీమళ్ళీ వస్తున్నా చర్మవైద్యుని సంప్రదించాలి. పదేపదే ఒకే చోట వచ్చే రాపిడి బొబ్బ విషయంలో మాత్రం వైద్యుడితో పాటు గురువు కూడా చూడాల్సింది ఉంటుంది. బరువు ఒకే వేలిమీద వేయడం, తిరిగేటప్పుడు మడమ చాలినంత ఎత్తకపోవడం, వేళ్ళు బిగబట్టి నేలను గీరడం వంటి అడుగు దోషాలు ముందుగా బయటపడేది అక్కడే.